పెద్దమ్మకు భక్తి పెరిగిందనుకున్నారు

డిప్రెషన్ గురించి మన వాళ్ళు మాట్లాడే తీరు ఈ పదేళ్ళలో బాగా మారింది. "అట్లాంటి జబ్బే లేదు, పనీపాటా లేక వచ్చే ఆలోచనలు" అనేవాళ్ళు తగ్గారు. ఇప్పుడు ఇంకో మాట వినిపిస్తోంది. "డిప్రెషన్ వచ్చి పోయిన మనిషికి లోతు వస్తుంది, జీవితం అర్థమవుతుంది, ఒక రకంగా అది వరమే" అని. ఇక్కడి మన తెలుగు సంఘం సభల్లో విన్నాను, వాట్సాప్‌లో చదివాను. అనేవాళ్ళు మంచి మనసుతోనే అంటున్నారు. అయినా నేను ఒప్పుకోలేను. నాకు ఈ జబ్బు వచ్చింది, ఇక్కడ న్యూజెర్సీలో. తిరుపతిలో మా పెద్దమ్మకూ వచ్చింది. ఆమె విషయంలో ఈ మేలు అనే ఆలోచన ఎంత కీడు చేసిందో దగ్గరుండి చూశాను.

పెద్దమ్మ ఇల్లు కపిలతీర్థం దగ్గర. పెదనాన్న పోయి కొన్నేళ్ళు గడిచాక ఆమెలో మార్పు మొదలైంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. కొండ మీద స్వామికి సుప్రభాతం పాడే వేళ అది. లేచి టీవీ ముందు కూర్చునేది. రాత్రి తిండి మానేసింది. శనివారం ఒక్కపొద్దు ఎప్పటి నుంచో ఉన్నదే, ఇప్పుడు సోమవారం, గురువారం కూడా చేరాయి. పండక్కి చీర తెస్తామంటే "నాకెందుకులే" అనేది. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు పోవడం ఆపేసింది. అది చూసి బంధువులు ఏమన్నారంటే, "పెద్దామెకు భక్తి పెరిగింది, ఆశలన్నీ వదిలేసింది, అందరికీ రాదు అట్లాంటి వైరాగ్యం" అని.

దేవుడి కొండ కింద ఊరు మాది. అక్కడ పొద్దున్నే లేవడం, తక్కువ తినడం, ఏమీ కోరకపోవడం, మౌనంగా ఉండడం, అన్నీ మెచ్చుకునే గుణాలే. డాక్టర్లు డిప్రెషన్‌కు చెప్పే లక్షణాల్లోనూ ఇంచుమించు ఇవే ఉంటాయి. వేళ కాని వేళ మెలకువ, ఆకలి చావడం, ఇష్టమైన వాటి మీద ఇష్టం పోవడం, నీరసం, తాను ఎందుకూ పనికిరాననిపించడం. ఇవి రోజూ, రోజులో ఎక్కువ సేపు, రెండు వారాలకు మించి ఉంటే అనుమానించాల్సిందే. మా ఇంట్లో నెలలు గడిచిపోయాయి. జబ్బుకు మంచిపేరు వచ్చేస్తే మందు ఇప్పించాలని ఎవరికి తోస్తుంది?

నేను తిరుపతి పోయినప్పుడు ఒక తెల్లవారుజామున ఆమె పక్కన కూర్చున్నాను. టీవీలో సుప్రభాతం నడుస్తోంది. ఆమె చూపు గోడ మీద ఉంది. చేతిలో జపమాల ఉంది కానీ పూస కదలడం లేదు. వంటింట్లో, ముందు రోజు మధ్యాహ్నం మా వదిన పెట్టిపోయిన రాగిసంగటి ముద్ద పళ్ళెంలో అట్లే గట్టిపడి ఉంది. ఒక మూల వేలితో తుంచిన గుర్తు, అంతే. పక్కన చెనిక్కాయ ఊరిబిండి ఎండిపోయింది. ఆమె చేతి ఊరిబిండి కోసం ఒకప్పుడు మేం పిల్లలం కొట్లాడుకునేవాళ్ళం.

"దేవుడి మీద మనసు నిలుస్తోందా పెద్దమ్మా?" అని అడిగాను.

"యాడ నిలుస్తాది పాపా. ఆయన ముందర కూర్చున్నా ఏమీ అనిపించదు. ఎందుకు బతికుండానో కూడా తెలీడం లా" అంది.

అప్పుడే సూటిగా అడిగాను, చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా అని. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన వాళ్ళకు భయం. అట్లా ఏమీ జరగదు, అడిగితే మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుంది. ఆమె చాలాసేపు ఏడ్చింది. బంధువులు వైరాగ్యం అన్నదాని లోపల ఉన్నది ఇది. వైరాగ్యం నిజంగా వచ్చిన మనిషికి కాస్త శాంతి ఉంటుంది. ఈమెకు దేవుడు కూడా దూరమైపోయాడు. భక్తురాలికి అంతకంటే పెద్ద నష్టం ఏముంటుందో నాకు తెలియదు.

రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకుపోయాం. థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా చేయించారు, అవి తగ్గినా ఇట్లాంటి లక్షణాలే వస్తాయి కాబట్టి. మాత్రలు రాసిచ్చారు. వాటి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని, బాగైనట్టు అనిపించినా కనీసం ఆరు నెలలు ఆపొద్దని చెప్పారు. మా మామ ఒకాయన మాత్రం "మందులెందుకు, అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకుంటే సరిపోయేది" అన్నాడు. మొక్కును నేను తక్కువ చేయను. నడక కూడా డిప్రెషన్‌కు మంచిదే. కానీ మంచం దిగి బాత్రూం దాకా పోవడమే కష్టంగా ఉన్న మనిషిని 3,550 మెట్లు ఎక్కమంటే ఎట్లా? ఆ ఓపిక మందు పనిచేశాకే వచ్చేది.

మేలు ఉందనే వాదనకు శాస్త్రం మద్దతు కూడా ఉందంటారు. 2009లో పాల్ ఆండ్రూస్, ఆండర్సన్ థామ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సిద్ధాంతం చెప్పారు. చిక్కు సమస్య వచ్చినప్పుడు మనసు వేరే వాటి మీదికి పోకుండా, దాన్నే విడదీసి ఆలోచించడానికి పరిణామ క్రమంలో వచ్చిన ఏర్పాటే డిప్రెషన్ కావచ్చని. అంతకుముందు 1979లో లారెన్ అలాయ్, లిన్ ఏబ్రమ్సన్ విద్యార్థుల చేత బటన్ నొక్కించి, దీపం వెలగడం మీ చేతిలో ఎంతవరకు ఉంది అని అడిగారు. దిగులుగా ఉన్నవాళ్ళే ఎక్కువ సరిగ్గా చెప్పారు. దాంతో "బాధలో ఉన్నవాడికే నిజం కనిపిస్తుంది" అనే మాట ప్రచారమైంది. 2022లో వేరే పరిశోధకులు ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేస్తే అదే ఫలితం రాలేదు. ఇక ఆ లోతైన ఆలోచన సంగతి. ఒకే బాధను తిప్పి తిప్పి తలుచుకోవడం డిప్రెషన్‌ను పొడిగిస్తుందని సూసన్ నోలెన్-హోక్సెమా ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనలు చూపించాయి.

నా అనుభవమూ అదే. నేను జబ్బులో ఉన్నప్పుడు జీవితార్థం గురించేమీ ఆలోచించలేదు. స్నానం ముందు చేయాలా, కాఫీ ముందు తాగాలా అన్నది తేల్చుకోలేక మంచం అంచున కూర్చుండిపోయేదాన్ని. కాఫీ చల్లారి మీగడ కట్టేది. ఆఫీసు మెయిల్ ఒకటి చదివిందే చదివేదాన్ని, అర్థమయ్యేది కాదు. లోతు అన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే.

అర్జునుడి విషాదం వల్లే కదా మనకు గీత దొరికింది అంటారు ఇంకొందరు. అర్జునుడు బాధను దాచుకోలేదు, వణుకుతున్నానని, విల్లు పట్టలేకపోతున్నానని పక్కనున్నవాడితో చెప్పేశాడు. ఆ పక్కనున్నవాడు రథం దిగి పోకుండా, అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. మేలు జరిగింది ఆ సంభాషణ వల్ల. ఆ కథ చెప్పేవాళ్ళు కృష్ణుడి పని చేయడానికి ముందుకు రావాలి కదా.

జబ్బుకు మంచిపేరు రావడం ఇదే మొదటిసారి కాదు. మా పాత చిత్తూరు జిల్లాలోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల కోసం వెలిసిన శానిటోరియం అది, మందులేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి కోసం నెలల తరబడి అక్కడ ఉండేవాళ్ళు. ఆ కాలానికి కాస్త ముందు యూరప్‌లో క్షయను కవుల జబ్బు అనేవాళ్ళు, అది మనిషిని సున్నితంగా, ప్రతిభావంతుడిగా చేస్తుందని నమ్మేవాళ్ళు. 1882లో రాబర్ట్ కోఖ్ దాని సూక్ష్మక్రిమిని చూపించాడు. 1943లో నేనుండే ఈ న్యూజెర్సీలోనే, రట్గర్స్‌లో, స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు. మందు వచ్చాక క్షయ వల్ల కవిత్వం వస్తుందన్నవాళ్ళు కనబడకుండా పోయారు. డిప్రెషన్‌కూ ఇప్పుడు మందు ఉంది, మాటలతో చేసే చికిత్సా ఉంది. అయినా ఇండియాలో మానసిక జబ్బులున్నవాళ్ళలో నూటికి 80 మందికి పైగా వైద్యం అందడం లేదని బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే తేల్చింది.

మరి ఏమీ మిగలలేదా అంటే, మిగిలింది. ఫోన్‌లో ఎవరైనా "బాగున్నాలే" అంటే ఆ గొంతులో తేడా నాకు తెలిసిపోతుంది. పెద్దమ్మ దగ్గర ఏం అడగాలో తెలిసిందీ అందుకే. అమెరికాలో నడివయసువాళ్ళను పదేళ్ళు గమనించిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. డిప్రెషన్ వచ్చినవాళ్ళలో సుమారు 10 శాతం మంది పదేళ్ళ తర్వాత చాలా బాగా బతుకుతున్నారని అందులో తేలింది. జబ్బు రానివాళ్ళలో అట్లాంటివాళ్ళు ఇంకా ఎక్కువే. ఆ 10 శాతం మందిని చూస్తే నాకు ధైర్యం వస్తుంది. అయితే ఆ ఫలం వాళ్ళ కష్టానిది, వాళ్ళకు తోడు నిలిచిన మనుషులది. జబ్బు ఖాతాలో ఎందుకు వేయాలి?

పెద్దమ్మ ఇప్పుడు బాగుంది. సంగటి తానే కెలుకుతోంది. పోయినసారి అడిగాను, ఆ జబ్బు వల్ల ఏమన్నా మేలు జరిగిందా అని. "మేలా? మనవరాలు నడక నేర్చింది ఈ ఇంట్లోనే పాపా. నేను ఈడే ఉండా. ఒక్కటీ గుర్తు లేదు" అంది.

అమ్మానాన్నలకు మనం ఆదివారాలు ఫోన్ చేస్తాం. తిన్నారా, బాగున్నారా అంటాం, వాళ్ళు బాగున్నామంటారు. ఎన్నింటికి మెలకువ వస్తోంది, నిన్న ఎవరితో మాట్లాడావు, టీవీలో ఏం చూశావు, నచ్చిందా అని అడగండి. ఒక్కపొద్దులు కొత్తగా ఎందుకు పెరిగాయో అడగండి. ఇండియాలో 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రంలో తెలుగులోనే మాట్లాడతారు, 2022 నుంచి ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు. ఇక్కడ అమెరికాలో మనకు ఇట్లాంటి సాయానికే 988 నంబరు ఉంది. సంఘం కమిటీని నేను కోరేది ఒకటే. వచ్చే ఏడాది క్యాలెండర్‌లో ప్రతి నెలా పేజీ కింద ఈ రెండు నంబర్లూ అచ్చు వేయించండి, స్పాన్సర్ ప్రకటన కాస్త చిన్నదైనా సరే.