ఏడాదికి ఒక్క మాటా? అదీ ఓర్పా?

కొత్త ఏడాదికి బారెడు తీర్మానాలు రాసుకునే బదులు ఒకే ఒక్క మాట ఎంచుకుని, ఏడాది పొడవునా ఏం చేసినా దాన్ని మనసులో పెట్టుకుని చేయడం ఈ మధ్య చాలామందికి అలవాటైంది. ఇక్కడ అక్క ఎంచుకున్న మాట 'ఓర్పు'. తమ్ముడికి మాట ఎంచుకోవడమూ నచ్చలేదు, ఎంచుకున్న మాటా నచ్చలేదు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: మొదట్లో నేను తమ్ముడి వైపే ఉన్నాను.

తమ్ముడు: ఏంటక్కా ఇది? ఫోన్ వాల్‌పేపర్ మీద ఓర్పు, డైరీ అట్ట మీద ఓర్పు, ఫ్రిజ్ మీద ఓర్పు. ఇంట్లో అందరికీ వార్నింగ్ ఇస్తున్నట్టుంది.

అక్క: వార్నింగ్ నాకేరా. తీర్మానాలతో విసిగిపోయాను. పది రాసుకుంటే ఒకటి తప్పగానే మిగతావన్నీ అటకెక్కుతాయి. ఒక్క మాటైతే ఇవాళ కుదరకపోయినా రేపు పొద్దున మళ్లీ పట్టుకోవచ్చు.

తమ్ముడు: రోజూ అరగంట నడుస్తానంటే, నడిచావో లేదో సాయంత్రానికి తేలిపోతుంది. ఓర్పుగా ఉన్నావో లేదో ఎవరు తేలుస్తారు? నువ్వే పరీక్ష రాసి, నువ్వే దిద్దుకుని, నువ్వే మార్కులు వేసుకుంటావు.

అక్క: అయినా ఏడాది మొదలంటే మనిషికి ఒక ఊపు వస్తుందిగా? హెంగ్‌చెన్ డై, కేటీ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు 2014లో రాశారు. వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో జనం డైట్ గురించి వెతకడం, జిమ్‌కి వెళ్లడం పెరుగుతుందట.

తమ్ముడు: పెరుగుతుందన్నారు. నిలుస్తుందన్నారా? జనవరిలో జిమ్ చూసినవాళ్లని ఎవరినైనా మార్చిలో కూడా వెళ్లి చూడమను. నాకూ ఒక పేరు తెలుసు. పీటర్ గోల్విట్జర్ అని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 'ఇలా జరిగితే ఇలా చేస్తాను' అని సందర్భాన్ని, పనిని ముందే ముడిపెట్టుకున్నవాళ్లు, ఊరికే 'చేయాలి' అనుకున్నవాళ్ల కంటే ఎక్కువగా చేస్తారని 1999లో చెప్పాడు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలు ఒకచోట పెట్టి చూసినా అదే తేలింది. నీ ఓర్పుకి సందర్భం ఏది? పని ఏది?

(ఇది గట్టి దెబ్బే. అక్క ఫ్రిజ్ వైపు చూసింది గానీ జవాబు అక్కడ లేదు.)

అక్క: ఉంది. పాప నా పక్కన కూర్చుని చదువుతుంది కదా. పొడుగు పదం వస్తే అక్షరాల కింద వేలు పెట్టి 'ప్ర... ప్రయా...' అని ఆగుతుంది. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. అది వెతుక్కుంటోందని నాకు తెలుసు. అయినా నా నోరు ఊరుకోదు, 'ప్రయాణం' అనేస్తాను. వెంటనే దాని వేలు పక్క పదం మీదికి జరిగిపోతుంది. చదివింది నేను, విన్నది అది. నువ్వడిగిన ముడి ఇదే: పాప ఆగితే నేను నోరు మూసుకుని మనసులో మూడు లెక్కపెడతాను.

తమ్ముడు: మూడా! ఫ్రిజ్ మీద అంత పెద్ద అక్షరాలు రాసి, సాధన చేసేది మూడు సెకన్లా?

అక్క: మూడు సెకన్లు ఆగి చూడు, ఎంత పొడుగో తెలుస్తుంది. మేరీ బడ్ రో అని అమెరికాలో సైన్స్ బోధన మీద పనిచేసిన ఆవిడ, తరగతుల్లో మాటలు రికార్డు చేసి విన్నది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఆలోగా జవాబు రాకపోతే ఇంకొకర్ని అడగడమో, తామే చెప్పేయడమో చేస్తున్నారు. మూడు సెకన్లు, ఆ పైన ఆగేలా వాళ్లకి నేర్పించి చూసింది. పిల్లల జవాబులు పొడుగయ్యాయి. నోరు మెదపని పిల్లలు మాట్లాడారు. తిరిగి ప్రశ్నలు అడిగారు కూడా. టీచర్లు కొత్త పాఠమేమీ చెప్పలేదు, ఆగారంతే.

(ఇక్కడ నేను కాస్త అక్క వైపు జరిగాను. తమ్ముడు మాత్రం జరగలేదు.)

తమ్ముడు: సరే, మంచి అలవాటే. అంతమాత్రానికి ఏడాది దేనికి? ఒక వారం లెక్కపెట్టు, వచ్చేస్తుంది.

అక్క: వారంలో రాదు. ఫిలిప్పా లాలీ అనే ఆవిడ బృందం లండన్‌లో 96 మందిని తీసుకుని, తలా ఒక కొత్త అలవాటు ఎంచుకోమంది. అది ఆలోచించకుండా చేసే పనిగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే. అందరికంటే నిదానంగా అలవాటైనవాళ్లకి 254 రోజులు పడుతుందని లెక్కగట్టారు. నేను ఏ లెక్కలోకి వస్తానో ముందే ఎలా తెలుస్తుంది? ఇంకోటి, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా తేడా రాలేదట. అటకెక్కించే పని లేదన్నది అందుకే.

తమ్ముడు: నిదానమే ప్రధానం అంటావు.

అక్క: నువ్వేమో ఆలస్యం అమృతం విషం అంటావు.

(సామెతలకి రెండు వైపులా పదును ఉంటుంది గనక ఇద్దరూ అక్కడితో వాటిని వదిలేశారు.)

తమ్ముడు: అక్కా, నా అసలు బాధ వేరే. ఓర్పు అనే మాట ఎవరు ఎంచుకుంటారో చూడు. ఇప్పటికే నోరు మూసుకుని పడి ఉండేవాళ్లు. అందరినీ వెయిట్ చేయించేవాడు ఎప్పుడైనా ఎంచుకున్నాడా? ఆఫీసులో ప్రమోషన్ ఆపినవాడు ఓర్పు పట్టమంటాడు. ఇంటిచాకిరీలో చేయి వేయనివాడు భార్యకి ఓర్పు ఎక్కువని మెచ్చుకుంటాడు. ఈ మాట నీ గోడ మీద ఉంటే పనికొచ్చేది వాళ్లకే.

అక్క: ఓర్పంటే పళ్లు బిగబట్టడమని ఎవరన్నారు? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, ఇప్పుడే తినకుండా ఆగితే రెండిస్తానన్నాడు కదా. దాన్నే చూస్తూ, దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్న పిల్లలు త్వరగా తినేశారు. వేరే ఏదో సరదా విషయం తలుచుకున్నవాళ్లు చాలాసేపు ఆగారు.

తమ్ముడు: ఆ ప్రయోగం గురించి నువ్వు సగమే చెప్పావు. 2013లో సెలెస్ట్ కిడ్ బృందం అదే పరీక్ష ఇంకోలా పెట్టింది. ముందుగా పిల్లలకి బొమ్మలు గీసుకునే మంచి సామగ్రి తెస్తామని మాటిచ్చారు. సగం మందికి తెచ్చిచ్చారు. మిగతావాళ్లకి 'సారీ, లేదు' అన్నారు. తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకోవడం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మోసపోయిన పిల్లలు 3 నిమిషాలు. వాళ్లలో ఓర్పు లేదంటావా? పెద్దవాళ్ల మాటకి విలువ లేదని తెలిసి, తెలివిగా తినేశారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలు తీసి చూసినవాళ్లు కూడా, ఆగిన పిల్లలు తర్వాత బాగా చదువుతారని ఈ ప్రయోగం పేరుతో చెప్పుకునే లెక్కలో చాలా భాగం కుటుంబ పరిస్థితుల వల్లేనని తేల్చారు. అలాంటప్పుడు ఓర్పు నేర్చుకోమని చెప్పాల్సింది ఎవరికి?

అక్క: (కాసేపు ఆగి. మూడు సెకన్ల కంటే ఎక్కువే.) నిజమే. పాపకి 'ఐదు నిమిషాల్లో వస్తా' అని అరగంటకి వెళ్లి, అది అలిగితే ఓర్పు లేదనడం తప్పు. ముందు నా ఐదు నిమిషాలు ఐదులా ఉండాలి. అది కూడా ఈ మాట కిందకే వేసుకుంటాను.

తమ్ముడు: నాకు కావాల్సింది హద్దు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ అడగాలి?

అక్క: దాని టైమ్ అది తీసుకునేవి కొన్ని ఉంటాయి. విరిగిన ఎముక అతుక్కోవడం, పిల్లకి చదువు రావడం, ఏదైనా వాయిద్యం చేతికి అలవాటవడం. అక్కడ తొందరపెడితే పని చెడుతుంది, అందుకే ఆగుతాను. ఇంకొన్ని, ఎవరో చేతిలో పెట్టుకుని ఇవ్వకుండా ఆపినవి. ప్రమోషన్, జీతం, ఇంటి పనిలో వాటా. అక్కడ ఓర్పుకి పని లేదు, అడగడమే. గట్టిగా, తేదీతో సహా.

తమ్ముడు: మరి ఫ్రిజ్ మీద ఆ రెండో సగం రాయలేదేం? చూసినవాళ్లకి మొదటి సగమే కనబడుతుంది. మీ ఇంటికి వచ్చి 'అబ్బ, ఎంత ఓర్పో' అని ఇంకో పని అప్పజెప్పి పోతారు.

అక్క: ఫ్రిజ్ మీదది తీసేస్తాలే. వాల్‌పేపర్ మాత్రం తీయను, అది నేను చూసుకోవడానికి.

తమ్ముడు: వాల్‌పేపర్ కూడా వారం తర్వాత కంటికి ఆనదు. దాని బదులు 'పాప ఆగితే మూడు' అని రాసుకో, అప్పుడు ఒప్పుకుంటా.

అక్క: సరే. ఇక రెండో రకం మొదలుపెడదాం. పోయిన పండక్కి చేబదులు తీసుకున్నావు. నెలాఖరుకి ఇస్తానన్నావు.

తమ్ముడు: అక్కా, ఓర్పు...

అక్క: అది దానంతట అది పెరిగేది కాదురా, నీ చేతిలో ఆగింది. ఎప్పుడిస్తావు?

తమ్ముడు: ఆదివారం.

అక్క: ఏ ఆదివారం?