లంబసింగి దాకా వెళ్లినవారు చింతపల్లి కూడా చూడండి

మీ వ్యాసంలో లంబసింగి పొగమంచు గురించి బాగా రాశారు. కానీ అక్కడికి 20 కిలోమీటర్లలోపే ఉన్న చింతపల్లిని 'టీ తాగడానికి ఆగే ఊరు' అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు బాధనిపించింది.

చుట్టుపక్కల గూడేలన్నిటికీ బ్యాంకు, ఆసుపత్రి, కాలేజీ, ఎరువుల కొట్టు, అన్నీ ఆ ఊరే. మేము వెళ్లింది సంత రోజు. పసుపు, రాజ్మా, మిరియాలు మూటలు కట్టుకుని కొండల మీద నుంచి జనం దిగుతున్నారు. జీపుల్లో వచ్చేవాళ్లు కొందరు, తెల్లవారకముందే నడక మొదలుపెట్టినవాళ్లు కొందరు.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్యం దళం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. దొంగల్లా ఎత్తుకుపోలేదు, తీసుకెళ్లిన ఆయుధాల వివరాలు రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు! అంత తెగింపు ఊరికే రాలేదు. బ్రిటిషువాళ్ల అడవి చట్టాలు గిరిజనుల పోడును, అంటే అడవి నరికి చేసే సాగును, అడ్డుకున్నాయి. నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డు వేయించిన గూడెం ప్రాంతపు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా గిరిజనుల చేత చాకిరీ చేయించాడు. ఇవాళ మనం కార్లలో మంచు చూడ్డానికి ఎక్కేది ఆ దారినే. అది తెలిశాక దిగేటప్పుడు మా కారులో ఎవరూ పాటలు పెట్టమనలేదు.

వీలైతే ఈ వ్యాసానికి రెండో భాగం రాయండి, చింతపల్లి మీద. సంత రోజు చూసుకుని వెళ్లండి. అక్కడి పెద్దవాళ్లతో కాసేపు కూర్చోండి.