డబ్బా మీద ప్రీ-క్రింప్డ్ అని ఉంటే ప్లయర్ పక్కన పడేయడమేనా?

నిన్న సాయంత్రం మా జూనియర్ డాక్టర్ ఒక పాప పాలపన్నుకు స్టీల్ క్రౌన్, అంటే తొడుగు, వేస్తోంది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. పన్ను చక్కగా తయారు చేసింది. సైజు కూడా సరిగ్గానే ఎంచుకుంది. క్రౌన్ కాస్త పొడుగైందని కత్తెరతో అంచు కత్తిరించి, రాయితో రుద్ది నున్నగా చేసి, సిమెంట్ కలపమని నర్సుకి చెప్పింది.

"ఆగమ్మా, ప్లయర్ ఏది?" అన్నాను. క్రౌన్ అంచు వంచే పట్టకారు అది.

"ఇవి ప్రీ-క్రింప్డ్ క్రౌన్లు కదా మేడమ్, ప్లయర్ అక్కర్లేదు" అంది.

ఆ పిల్ల తనంతట తాను కల్పించి చెప్పిన మాట కాదది. ప్రీ-క్రింప్డ్ అంటే అంచు ముందే లోపలికి వంచి పంపినవి. డబ్బా మీద అలాగే రాసి ఉంటుంది. చదువుకునేటప్పుడు సీనియర్లు కూడా అదే చెప్పారట. కోపం ఆమె మీద రాలేదు. ఈ మాట ఇంతమంది నోట వినీ వినీ, ప్రతిసారీ ఒక్కరికే చెప్పి ఊరుకుంటున్నందుకు నా మీద నాకే వచ్చింది. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నా. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. డాక్టర్లు కాని అమ్మానాన్నలు కూడా చదవండి, ఇది మీ పిల్లల నోట్లో జరిగే పనే.

ముందు సంగతేమిటో చెప్తాను. పిల్లల దవడ పాలపళ్లు బాగా పుచ్చిపోయినా, పాలపన్నుకు నరం చికిత్స చేసినా, మామూలు ఫిల్లింగ్ ఎక్కువ కాలం నిలవదు. అందుకని పన్ను మొత్తాన్నీ కప్పేలా రెడీమేడ్ స్టీల్ తొడుగు వేస్తాం. దాన్నే అందరూ క్యాప్ అంటారు. 1950లో హంఫ్రీ అనే డాక్టర్ పాలపళ్లకు వీటిని వాడే పద్ధతిని పరిచయం చేశారు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా దవడ పాలపళ్లకు దీనంత నమ్మకమైన పని ఇంకోటి లేదని నేను గట్టిగా నమ్ముతాను. "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అనేవాళ్లకు ఒక లెక్క చెప్తా. వెనకాల ఉండే రెండో దవడ పాలపన్ను ఊడేది దాదాపు 10 నుంచి 12 ఏళ్ల మధ్య. నాలుగేళ్ల పిల్లకు క్రౌన్ వేశామంటే అది ఆరు, ఏడేళ్లు ఆ నోట్లో పని చేయాలి. నమలాలి, శుభ్రంగా ఉండాలి, కింద పెరుగుతున్న శాశ్వత పన్నుకు చోటు కాపాడాలి.

అన్నేళ్లు నిలవాలంటే క్రౌన్‌ని పట్టి ఉంచేది ఏది? సిమెంట్ ఒక్కటే అనుకుంటారు చాలామంది. మా వృత్తిలో ఉన్నవాళ్లలో కూడా కొందరు అలాగే అనుకుంటారు. సిమెంట్ పాత్ర ఉంది, కాదనను. కానీ పాలపన్ను ఆకారం చూడండి. చిగురుకి కొంచెం పైన పొట్టలాగా ఉబ్బి, దాని కింద మెడ దగ్గర సన్నబడుతుంది. క్రౌన్ అంచు ఆ ఉబ్బును దాటి కిందికి దిగి, సన్నటి మెడ దగ్గర లోపలికి వంగి పట్టుకోవాలి. అలా లోపలికి వంచడమే క్రింపింగ్. అంచు పన్నుకు అతుక్కున్నట్టు ఉంటే లాలాజలం లోపలి సిమెంట్‌ను అంత తొందరగా కరిగించలేదు. పాచి పేరుకోవడానికి మెట్టు కూడా ఉండదు. చిగురు నెమ్మదిగా ఉంటుంది.

ఇదంతా చేసేది అరచేతిలో ఇమిడే ఒక పట్టకారు. దాని కొనలు ఎంత చిన్నవంటే కళ్లు దగ్గరగా పెట్టి చూడాలి. కాంటూరింగ్ ప్లయర్, అంటే 114 నంబరుది, ఒక కొన గుండ్రంగా బంతిలా ఉంటుంది, రెండో కొనలో ఆ బంతి కూర్చునేంత గుంట. దాంతో క్రౌన్ గోడకు పన్నులాంటి ఉబ్బు తెస్తాం. ఆ తర్వాత 800-417 నంబరు క్రింపింగ్ ప్లయర్‌తో అంచున చివరి మిల్లీమీటరుని లోపలికి వంచుతాం. ఈ రెండూ, ఒక వంపు కత్తెర, పక్క పన్ను జరిగి చోటు తగ్గిపోయినప్పుడు క్రౌన్‌ని ముందూ వెనకా నొక్కి వెడల్పు తగ్గించడానికి ఒక హౌ ప్లయర్. స్టీల్ క్రౌన్ పనికి కావలసిన ప్లయర్ల సరంజామా ఇంతే.

ఇప్పుడు ప్రీ-క్రింప్డ్ సంగతికి వద్దాం. ఫ్యాక్టరీలోనే అంచు లోపలికి వంచి పంపిస్తారు. నిజం. కొన్ని పళ్లకు డబ్బాలోంచి తీసింది తీసినట్టే సరిపోతుంది, అదీ నిజమే. కానీ ఫ్యాక్టరీ వాళ్లు వంచింది సగటు పన్నుకి. మన కుర్చీలో ఉన్న పిల్ల పన్నును వాళ్లు చూడలేదు. దానికంటే పెద్ద విషయం ఇంకోటుంది. పొడుగైందని కత్తెరతో అంచు కత్తిరిస్తున్నాం కదా, అక్కడ తెగి కింద పడేది ఏ ముక్క? ఫ్యాక్టరీలో వంచి పంపిన ఆ చివరి ముక్కే! అది పోయాక మిగిలింది పైనున్న వెడల్పాటి భాగం. అంటే క్రౌన్ మూతి ముందుకంటే పెద్దదైంది. కత్తెర పడిన క్షణం నుంచి అది ప్రీ-క్రింప్డ్ క్రౌన్ కాదు, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే. కత్తెర పట్టిన చెయ్యి ప్లయర్ కూడా పట్టాల్సిందే. ఇంత తేలికైన సంగతి ఎందుకు గట్టిగా నేర్పరో నాకు అర్థం కాదు.

ఇది రాస్తుంటే ఒక బాబు గుర్తొస్తున్నాడు. ఆరేళ్లు దాటి ఉంటాయి. వాళ్లమ్మ తీసుకొచ్చింది. "క్యాప్ వేయించినప్పటి నుంచి ఆ పక్క బ్రష్ పెట్టనివ్వట్లేదు డాక్టరుగారూ, పెడితే రక్తం వస్తోంది" అంది. వేరే చోట వేయించారు, ఎక్కడన్నది అనవసరం. నోరు తెరిచి చూస్తే పైన అంతా బాగుంది. మెరుస్తోంది, కదలట్లేదు, కొరుకు కూడా సరిగ్గానే కలుస్తోంది. ఎవరైనా ఫోటో తీస్తే మంచి పనే అంటారు. ఎక్స్‌ప్లోరర్ (పంటి అంచుల్ని తడిమి చూసే సన్నటి కొన ఉన్న పరికరం) తీసుకుని, దాని కొనని చిగురు దగ్గర మెల్లగా అంచు వెంట జరిపాను. బుగ్గవైపు పరవాలేదు. వెనక మూలకి వచ్చేసరికి కొన టక్కున ఆగింది. కొంచెం వాల్చితే క్రౌన్ అంచు కిందికి దూరిపోయింది. గోరు పట్టేంత సందు. అక్కడి చిగురు ఎర్రగా, మెత్తగా, ఉబ్బి ఉంది. తాకగానే రక్తం.

ఎక్స్-రే తీస్తే అసలు సంగతి తెలిసింది. ఆరేళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను ఆ క్రౌన్ వెనకే పైకి రావాలి. దాని ముందు భాగం పొడుచుకొచ్చిన స్టీల్ అంచు కింద ఇరుక్కుని ఆగిపోయింది. జీవితాంతం ఉండాల్సిన పన్ను, అర మిల్లీమీటరు అంచు లోపలికి వంచనందుకు దారి లేక నిలబడింది. ఆ తల్లికి ఎక్స్-రే చూపిస్తూ వివరిస్తుంటే నా గొంతు నాకే బరువుగా అనిపించింది. పాత క్రౌన్ కోసి తీసేసి, ఒక సైజు చిన్నది తీసుకుని, చుట్టూ క్రింప్ చేసి మళ్లీ వేశాను. రెండు వారాలకు చిగురు గులాబీ రంగుకొచ్చింది. అడ్డం పోయాక శాశ్వత పన్ను తనంతట తనే పైకొచ్చింది. అందరికీ ఇలా తేలిగ్గా సర్దుకోదు, ఈ బాబు విషయంలో అదృష్టం కలిసొచ్చింది. కానీ ఆ పిల్లాడు రెండుసార్లు కుర్చీ ఎక్కాడు, రెండుసార్లు ఏడ్చాడు. మొదటిసారే ఇంకో రెండు నిమిషాలు పెడితే రెండోసారి అవసరమే ఉండేది కాదు.

ఇక్కడ కొందరు డాక్టర్లు నన్ను ఆపుతారని తెలుసు. "హాల్ టెక్నిక్‌లో క్రింపింగే లేదు కదా, అయినా బాగా నిలుస్తున్నాయి కదా?" అంటారు. మంచి ప్రశ్న. స్కాట్లాండ్‌లో డాక్టర్ నోర్నా హాల్ పేరుతో వచ్చిన పద్ధతి అది. మత్తు సూది లేదు, పన్ను అరగదీయడం లేదు, పుచ్చు తీయడం కూడా లేదు. గ్లాస్ అయానమర్ సిమెంట్ నింపిన క్రౌన్‌ని నేరుగా పన్ను మీద నొక్కి కూర్చోబెడతారు. అక్కడే 132 మంది పిల్లల మీద అధ్యయనం జరిగింది. 2011లో వచ్చిన ఐదేళ్ల ఫలితాల్లో మామూలు ఫిల్లింగుల కంటే ఈ క్రౌన్లే చాలా మేలని తేలింది. నేను కూడా తగిన పిల్లలకు ఆ పద్ధతే వాడతాను. కానీ అది ఎందుకు నిలుస్తోందో ఆలోచించండి. పన్నును ముట్టుకోలేదు కాబట్టి సహజమైన ఉబ్బు పూర్తిగా అక్కడే ఉంది. క్రౌన్ అంచు కత్తిరించలేదు కాబట్టి ఫ్యాక్టరీ వంపు అలాగే ఉంది. ఆ వంపు ఈ ఉబ్బును దాటి పట్టుకుంటోంది. మనం మాత్రం పన్ను చుట్టూ అరగదీసి, క్రౌన్ అంచు కత్తిరించి, ఆ తర్వాత హాల్ టెక్నిక్ పేరు చెప్పి ప్లయర్ పక్కన పెడితే ఎలా? అక్కడ పట్టుకునేవి రెండూ ఉన్నాయి, ఇక్కడ రెండింటినీ మనమే తీసేశాం.

పింగాణీలా తెల్లగా ఉండే జిర్కోనియా క్రౌన్ వచ్చేసింది, ఇంకా ఈ స్టీల్ గొడవేంటని అనేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి బాగుంటుంది, తల్లిదండ్రులకు ఇష్టం, ముందు పళ్లకు నేనూ వేస్తాను. కానీ దాన్ని వంచలేం. బలవంతంగా నొక్కితే పగులుతుంది. అందుకని పన్నునే ఎక్కువ అరగదీసి క్రౌన్‌కు సరిపోయేలా చెయ్యాలి. స్టీల్ గొప్పదనమే అది పిల్ల పన్నుకు తగ్గట్టు వంగడం. ఆ గొప్పదనాన్ని వాడుకోకుండా స్టీల్ క్రౌన్ వేయడం నాకు మింగుడుపడదు.

సరే, ఎలా చేయాలో నాకు నేర్పిన తీరు చెప్తా. పీజీలో ఉన్నప్పుడు నేను మొదటి క్రౌన్‌ని ప్లయర్‌తో గట్టిగా నొక్కేశాను. అంచు మడతలు పడి, కుచ్చిళ్లు పెట్టినట్టు అయిపోయింది. పన్ను మీద కూర్చోనే లేదు. మా మేడమ్ ఏమీ అనలేదు. కొత్త క్రౌన్ నా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టించి, ప్లయర్ పట్టుకున్న నా చేతి మీద తన చెయ్యి వేశారు. కొన ఒక మిల్లీమీటరు మాత్రమే అంచును పట్టాలి. చిన్న నొక్కు. కొన వెడల్పులో సగం జరిగి ఇంకో చిన్న నొక్కు. ప్లయర్ కదలకూడదు, క్రౌన్‌నే వేళ్ల మధ్య తిప్పుకుంటూ చుట్టూ రావాలి. మొదటి చుట్టుకి ఏమీ మారినట్టు కనిపించదు. రెండో చుట్టుకి మూతి కొంచెం మూసుకున్నట్టు తెలుస్తుంది. అక్కడ ఆపి పన్ను మీద పెట్టి చూడాలి. కింది దవడలో అయితే నాలుక వైపు ముందు దించి, బుగ్గ వైపుకి దొర్లించి నొక్కాలి. ఉబ్బును దాటేటప్పుడు టక్ మని చిన్న చప్పుడొస్తుంది. చిగురు ఒక్క క్షణం తెల్లబడుతుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు ఎంతో ఇష్టం.

ప్లయర్ బాగోగులు కూడా చూడండి. చాలా క్లినిక్‌లలో కుర్చీ కొత్తది ఉంటుంది, కెమెరా కొత్తది ఉంటుంది, డ్రాయర్‌లో ప్లయర్ మాత్రం కీలు వదులై, కొనలు కలవకుండా పడి ఉంటుంది. వెలుతురుకి అడ్డంగా పట్టుకుని మూసి చూడండి. కొనల మధ్య వంకర సందు కనిపిస్తే దాంతో పిల్లల క్రౌన్ ముట్టుకోవద్దు. వాడాక కీలు తెరిచి కడగాలి, తెరిచే ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో) పెట్టాలి. మూసి పెడితే కీలు లోపలికి ఆవిరి సరిగ్గా అందదు. కీలు బిగుసుకుంటే దానికోసమే ఉన్న లూబ్రికెంట్ వేయాలి. బలం ఉపయోగించి తెరిస్తే చేతికి ఆ సున్నితం తెలియదు, క్రింపింగ్‌లో కావాల్సిందే ఆ సున్నితం.

అమ్మానాన్నలకు ఒక మాట. క్యాప్ వేశాక మొదటి రెండు, మూడు రోజులు చిగురు కొంచెం నొప్పిగా ఉండటం మామూలే. రెండు వారాలైనా క్యాప్ చుట్టూ చిగురు ఎర్రగా ఉండి బ్రష్ పెడితే రక్తం వస్తుంటే, "పాలపన్నే కదా" అని వదిలేయకండి. వెళ్లి "అంచు ఒకసారి చూడండి డాక్టరుగారూ" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు.

నిన్నటి పాప సంగతి మధ్యలో వదిలేశాను. మా జూనియర్ డ్రాయర్‌లోంచి ప్లయర్ తెచ్చింది. మొదటి చుట్టు తిప్పి పన్ను మీద పెడితే వేలితోనే తేలిగ్గా ఊడొచ్చింది. నేనేమీ చెప్పలేదు. రెండో చుట్టు తిప్పింది, ఈసారి నిదానంగా, క్రౌన్‌ని వేళ్ల మధ్య తిప్పుకుంటూ. నొక్కగానే టక్ మంది. ఎక్స్‌ప్లోరర్‌తో చుట్టూ చూసింది, ఎక్కడా ఆగలేదు. తీసి చూద్దామని పరికరం కొన పెట్టి, పాప గొంతులోకి జారకుండా పైన బొటనవేలు అడ్డం పెట్టి లాగింది. రాలేదు. రెండోసారి గట్టిగా లాగితే గానీ రాలేదు.

"ఇప్పుడు కలపమనమ్మా సిమెంట్" అన్నాను.