ఫ్లైవీల్ బరువు తగ్గిస్తే పవర్ పెరుగుతుందా?

ట్యూనింగ్ చేయించిన కార్ల యజమానుల మధ్య ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), ఎగ్జాస్ట్ పనులు అయ్యాక, ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్రాంక్‌షాఫ్ట్ చివర తిరిగే బరువైన చక్రమైన ఫ్లైవీల్‌ను లేత్ మీద పెట్టి బరువు తీయించాలనీ, దానితో పవర్, మైలేజీ రెండూ పెరుగుతాయనీ, రేసు కార్లలో చేసేది ఇదేననీ, కంపెనీలు బరువైన ఫ్లైవీల్ వేసేది ఖర్చు మిగుల్చుకోవడానికేననీ దాని సారాంశం. ఇందులో కొంత నిజం ఉంది గనకే ఇంతమంది నమ్ముతున్నారు. అయితే ఆ నిజం ఎంతవరకో చూడకుండా డబ్బు పోగొట్టుకోవడమే కాక, కొందరు ప్రాణం మీదికి కూడా తెచ్చుకుంటున్నారు.

ముందుగా పవర్ సంగతి. ఫ్లైవీల్ పవర్‌ను పుట్టించదు, మింగదు. ఇంజన్ వేగం పెరిగేటప్పుడు కొంత శక్తిని దాచుకుని, తగ్గేటప్పుడు తిరిగి ఇస్తుంది. అందువల్ల స్థిరమైన ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర కొలిస్తే, బరువైన ఫ్లైవీల్‌తోనైనా తేలికైన దానితోనైనా వచ్చే పవర్ ఒక్కటే. కారు చక్రాలు తిప్పే రోలర్ ఎంత త్వరగా వేగం అందుకుందో చూసి పవర్‌ను లెక్కగట్టే డైనో యంత్రంలో మాత్రం, ఇంజన్ తన సొంత భాగాలను తిప్పుకోవడానికి పెట్టే వాటా తగ్గుతుంది కాబట్టి అంకె కాస్త ఎక్కువగా వస్తుంది. ఆ అంకె ఉన్న డైనో కాగితాన్నే రుజువుగా చూపిస్తున్నారు.

వేగం అందుకోవడంలో లాభం మాత్రం ఉంది, అదెంతో లెక్క వేయవచ్చు. 28 సెంటీమీటర్ల వ్యాసం, 8 కిలోల బరువు ఉన్న ఫ్లైవీల్‌ను 5 కిలోలకు తగ్గించామనుకుందాం. అంతటా ఒకే మందం ఉన్న బిళ్లగా తీసుకుంటే జడత్వ భ్రామకం (తిరిగే వస్తువు వేగం మార్పును ఎదిరించే గుణం) సుమారు 0.03 కిలోగ్రామ్-చదరపు మీటర్లు తగ్గుతుంది. దీని ప్రభావం గేరు నిష్పత్తి వర్గాన్ని బట్టి మారుతుంది గనక, టైరు వ్యాసార్ధం 29 సెంటీమీటర్లు ఉన్న కారులో మొత్తం నిష్పత్తి 14 ఉండే మొదటి గేరులో కారు బరువు దాదాపు 70 కిలోలు తగ్గినట్టు, అంటే ఒక మనిషి దిగిపోయినంత తేడా వస్తుంది. నిష్పత్తి 3 ఉండే ఐదో గేరులో ఆ తేడా 3 కిలోలే. విజయవాడ హైవే మీద ఐదో గేరులో ఓవర్‌టేక్ చేసేటప్పుడు అది ఎవరికీ తెలియదు.

మైలేజీ వాదన ఇంకా బలహీనమైనది. పైన తగ్గించిన భాగం 3000 ఆర్‌పీఎం దగ్గర దాచుకునే శక్తి సుమారు 1,450 జౌళ్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వెయ్యి కిలోల కారు గతిజ శక్తి దాదాపు 1,39,000 జౌళ్లు. ఆ ఒక్క శాతంలో మిగిలేది కూడా, ట్రాఫిక్‌లో బండి ఆగిపోకుండా అదనంగా తొక్కే యాక్సిలరేటర్‌కే పోతుంది.

కంపెనీలు ఖర్చు కోసమే బరువు పెడతాయన్న మాటకు అర్థం లేదు, ఎక్కువ లోహానికి అయ్యేది ఎక్కువ ఖర్చే. పైగా చాలా డీజిల్ కార్లలో, మామూలు ఫ్లైవీల్ కన్నా ఎంతో ఖరీదైన, లోపల స్ప్రింగులున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను వాళ్లే వేస్తున్నారు. సిలిండర్లు ఒక్కొక్కటిగా కొట్టే దెబ్బలను గేర్‌బాక్స్ దాకా పోకుండా మెత్తబరచడమే ఆ బరువు పని. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ 180 డిగ్రీలు తిరిగేసరికి ఒక దెబ్బ పడుతుంది. టియాగో, క్విడ్, ఒక లీటరు వ్యాగన్ ఆర్ వంటి మూడు సిలిండర్ల కార్లలో ఆ ఎడం 240 డిగ్రీలు, కాబట్టి వాటికి ఫ్లైవీల్ అవసరం మరింత ఎక్కువ. బరువు తీసేస్తే ఐడిల్‌లో వణుకు, న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ గలగల మొదలవుతాయి. క్రాంక్ వేగంలో హెచ్చుతగ్గులను బట్టి మిస్‌ఫైర్‌ను (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడాన్ని) కనిపెట్టే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, లేని లోపానికి చెక్ లైట్ వెలిగించవచ్చు.

రేసు కార్ల పోలిక సగమే సరైనది. రేసు కారు పైస్థాయి ఆర్‌పీఎంలోనే ఉంటుంది, నిలబడ్డ చోటు నుంచి కదిలేది అరుదు. నిండా మనుషులతో తిరుమల ఘాట్ ఎక్కుతూ ఆగి మళ్లీ కదలాల్సిన కారు పరిస్థితి వేరు. అక్కడ క్లచ్ జారినప్పుడు పుట్టే వేడిని పీల్చుకునేది ఫ్లైవీల్ ముఖమే. లోహం తగ్గితే ఆ ముఖం త్వరగా వేడెక్కి, నీలి మచ్చలు పడి, సన్నని వెంట్రుక పగుళ్లు తేలుతాయి.

అన్నిటికన్నా నాకు ఆందోళన కలిగించేది లేత్ పనే. చాలా కార్లలో కంపెనీ ఫ్లైవీల్ పోత ఇనుముతో చేసినది. పోత ఇనుము నొక్కుడుకు తట్టుకున్నంతగా లాగుడుకు తట్టుకోదు, విరిగే ముందు సాగి హెచ్చరించదు. తిరిగే చక్రంలో లాగుడు ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది గనక, ట్యూనింగ్‌లో రెవ్ లిమిట్‌ను, అంటే ఇంజన్‌ను తిరగనిచ్చే గరిష్ఠ ఆర్‌పీఎంను, 6,500 నుంచి 7,500కు జరిపితే అది 33 శాతం పెరిగినట్టే. ఫ్లైవీల్ పగిలితే, దాని చుట్టూ ఉండే పలచటి అల్యూమినియం కవచం (బెల్ హౌసింగ్) ఆ ముక్కలను ఆపలేదు. అమెరికా డ్రాగ్ రేసింగ్‌లో వేగవంతమైన కార్లకు ఎస్‌ఎఫ్‌ఐ 1.1 అనే భద్రతా ధ్రువీకరణ ఉన్న ఫ్లైవీల్ అడిగేది ఇందుకే.

నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారును తరచుగా ట్రాక్ మీదికి తీసుకెళ్లేవారికి తేలికైన ఫ్లైవీల్ నిజంగా ఉపయోగమే, గేరు తగ్గించేటప్పుడు ఇంజన్ వేగాన్ని కొత్త గేరుకు సరిపోయేలా పెంచడం సులువవుతుంది. అలాంటివారు ఆ ఇంజన్ కోసమే తయారైన ఫోర్జ్‌డ్ స్టీల్ ఫ్లైవీల్ కొని, క్లచ్ మార్చడానికి ఎలాగూ గేర్‌బాక్స్ దించినప్పుడే క్లచ్‌ను నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్‌తో కలిపి బ్యాలెన్స్ చేయించి వేసుకోవాలి. లేత్ మీద పలచన చేసిన పోత ఇనుప ఫ్లైవీల్ ఇప్పటికే కారులో ఉన్నవారు మాత్రం, క్లచ్ అరిగేదాకా ఆగకుండా దాన్ని తీయించి కంపెనీది వేయించుకోవాలి.