మెడికల్ షాపు నల్ల కవరు గారికి

మహారాజశ్రీ నల్ల కవరు గారికి, చెన్నై తెలుగువాళ్ళం నమస్కరించి వ్రాయునది.

2019 జనవరి 1 నుంచి తమిళనాడులో ప్లాస్టిక్ కవర్లు నిషేధం. కూరగాయల కొట్లో అడిగితే గుడ్డసంచి తెచ్చుకోమంటారు. మెడికల్ షాపుల్లో మాత్రం తమరి కొలువు చెక్కుచెదరలేదు. దగ్గు సిరప్ చేతికే ఇస్తారు, బీపీ మాత్రలు కాగితం కవర్లో వేస్తారు. శానిటరీ ప్యాడ్లకీ, నిరోధ్‌కీ, ప్రెగ్నెన్సీ కిట్‌కీ తమరే దయచేయాలి. దాంతో వేళచ్చేరిలోనో షోలింగనల్లూరులోనో తమర్ని పట్టుకుని నడిచే ఆడపిల్ల ఏం కొనుక్కుందో వీధి చివర టీకొట్టు దాకా తెలిసిపోతుంది. తమరి గోప్యత అంత గొప్పది!

నిషేధం ఉన్న తమరు అడక్కుండానే దొరుకుతారు. కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే, నిషేధం లేని ఎమర్జెన్సీ మాత్రకేమో "స్టాక్ లేదమ్మా" అంటారు, చెన్నైలో చాలా షాపుల్లో ఇదే జవాబు. లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒకే ఒక్క మాత్ర. డాక్టరు చీటీ లేకుండా అమ్ముకోవచ్చని కేంద్రం 2005లోనే చెప్పింది. అబార్షన్ మాత్ర అని కొందరి అనుమానం. కాదు. అండం విడుదలను ఆపుతుంది లేదా వాయిదా వేస్తుంది. అండం అప్పటికే విడుదలైతే పెద్దగా లాభం లేదు, కడుపు నిలిచాక అసలేమీ చేయలేదు. గడువు 72 గంటలన్నారని మూడోరోజు దాకా ఆగకూడదు, మొదటిరోజు వేసుకుంటే ఉన్నంత బలం ఆ తర్వాత ఉండదు. రెండు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. ఆ ఇంకొకటి ఎక్కణ్ణుంచి వస్తుందని మాత్రం అడక్కండి.

ఓఎంఆర్ హాస్టల్లో ఉండే మన నెల్లూరు అమ్మాయికి ఒక దారి ఉందిలెండి: సూళ్లూరుపేట లోకల్ ఎక్కి, ఆరంబాక్కం దాటి, ఆంధ్రాలోని తడలో దిగి కొనుక్కోవడం. ఐదురోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే ఈ మాత్ర కన్నా గట్టి రక్షణ, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం కూడా. ఆ మాట చెప్పేవాళ్ళు కావాలిగా!

అసలు ఫిర్యాదుకి వస్తాం. సరుకు దాస్తే దాచారు, దాంతోపాటు అడగాల్సిన ప్రశ్నను కూడా చుట్టేస్తున్నారు. తమర్ని తెరిచి, వేసి, మడిచి ఇచ్చేదాకా ఇవతలివాళ్ళు నేల చూపులు, అవతలివాళ్ళు పైకప్పు చూపులు. ఎలా వాడాలో అడిగే గొంతు లేదు, చెప్పే నోరు లేదు.

అందుకే రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్ స్ట్రిప్‌లో 28 మాత్రలుంటే, చివరి 7 ఉత్త ఐరన్ మాత్రలని తెలియక మానేస్తారు. మానేస్తే కొంప మునగదు. మునిగేది కొత్త స్ట్రిప్ రెండురోజులు ఆలస్యంగా మొదలుపెట్టినప్పుడు. హార్మోన్ లేని రోజులు 7 దాటితే అండాశయం నిద్రలేస్తుంది. హార్మోన్ లేని గర్భనిరోధక మాత్ర ఛాయ మొదటి 3 నెలలు వారానికి రెండు, ఆ తర్వాతే వారానికి ఒకటి. మొదటివారం నుంచే ఒకటి వేసుకుని, నెల తప్పాక మాత్రను తిడతారు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్న అమ్మాయికి ఆ మందు గర్భనిరోధక హార్మోన్లను దెబ్బతీస్తుందని ఎవరు చెప్పాలి?

మగవాళ్ళ సంగతి క్లుప్తంగా. నిరోధ్‌ను ఏప్రిల్ ఎండలో స్కూటీ డిక్కీలో దాస్తారు, కొబ్బరినూనె రాస్తారు. నూనె తగిలితే లేటెక్సు నిమిషాల్లో బలహీనపడుతుంది. ఇవేవీ వద్దనుకునే మహానుభావులు "సేఫ్ డేస్" లెక్క చెబుతారు. క్రమం తప్పకుండా 26 నుంచి 32 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్ళకే ఆ లెక్క. వాళ్ళకైనా 8వ రోజు నుంచి 19వ రోజు దాకా ప్రమాదమే, వీర్యకణాలు ఐదురోజుల దాకా బతికుంటాయి కాబట్టి. ఎప్పుడొస్తుందో తెలియని నెలసరికి క్యాలెండరు ఏం చేస్తుంది?

పల్లెలో తమరి అవసరం రాదు, అక్కడ ఆశా అక్క సంచి ఉంది. అయితే ఆ అక్క అత్తగారికి పక్కింటావిడ. రిజిస్టరులో దంపతుల పేర్లే ఉంటాయి, పెళ్ళికాని పిల్ల పేరుండదు. పెళ్ళయిన పిల్లనేమో రెండోనెల నుంచే "విశేషమేమైనా ఉందా?" అని అడుగుతారు; ఆ పిల్ల మాత్ర అడిగితే అదే పెద్ద విశేషమవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి ఆపరేషనే దిక్కు. పిల్లల మధ్య ఎడం కోసం మాత్రో నిరోధో వాడేవాళ్ళు చాలా అరుదు. 20–24 ఏళ్ళ వాళ్ళలో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్ళి. పిల్లలు వద్దనుకునే దాకా ఆపరేషన్ లేదు, అప్పటిదాకా దేవుడే దిక్కు!

అబార్షన్ చట్టం మాత్రం తమరికన్నా నయం. 2021 సవరణలో "భర్త" స్థానంలో "భాగస్వామి" వచ్చాడు. వాడిన గర్భనిరోధక పద్ధతి విఫలమైతే 20 వారాల దాకా అబార్షన్‌కి ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 18 నిండిన అమ్మాయికి తన సంతకం చాలు. రిసెప్షన్‌లో "హస్బెండ్ వచ్చారా?" అన్న ప్రశ్నకు ఇంకా సవరణ రాలేదు.

వెళ్ళిపొమ్మంటే తమరు వెళ్ళరు. కనీసం తమరి నల్లటి ఒంటిమీద తెల్ల అక్షరాలతో, తమిళంలోనూ తెలుగులోనూ నాలుగు ముక్కలు అచ్చు వేయించుకోండి. హార్మోన్ మాత్ర రెండురోజులు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకుని, 7 రోజులు నిరోధ్ కూడా వాడాలని. ఎమర్జెన్సీ మాత్ర వేసుకున్నాక నెలసరి వారం దాటినా రాకపోతే టెస్టు చేసుకోవాలని. పొద్దున్నే మొదటి మూత్రం, కిట్ మీద చెప్పినన్ని చుక్కలు, ఐదు నిమిషాలు. కిట్ మీద "సీ" అక్షరం దగ్గర గీత రాకపోతే ఆ కిట్ చెల్లదు, ఇంకోటి కొనాలి.

ఇట్లు,
కౌంటరుకు ఇవతలివైపు వాళ్ళం