మారటోరియం బ్యాంకు గుమ్మం దాటలేదు

కోవిడ్ కాలంలో అప్పులపై దొరికిన ఊరట అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆర్నెల్ల మారటోరియం, అంటే వాయిదాలు కొన్నాళ్లు కట్టకుండా ఆపుకునే వీలు. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలల వాయిదాలకు వెసులుబాటు ఇచ్చింది, తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. వడ్డీ మాత్రం ఆగలేదు. 2021 మార్చి 23 తీర్పులో సుప్రీంకోర్టు కూడా వడ్డీ మాఫీకి ఒప్పుకోలేదు, ఆ ఆర్నెల్లకు వడ్డీ మీద వడ్డీ వేయొద్దని మాత్రం చెప్పింది. 12 శాతం వడ్డీకి 10 లక్షలు తీసుకున్నవారి లెక్క చూడండి. ఆర్నెల్లకు మామూలు వడ్డీ 60,000. నెలనెలా చక్రవడ్డీ వేస్తే 61,520. అంటే తగ్గిన భారం 1,520 రూపాయలు.

అదైనా బ్యాంకులో అప్పు ఖాతా ఉన్నవారికే దక్కింది. గోదావరి డెల్టాలో చాలా అప్పు అసలు బ్యాంకు పుస్తకాల్లోకే రాదు. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులు చేసే రైతు మేత డీలర్ దగ్గర అరువు తెచ్చి, పట్టుబడి అయ్యాక, అంటే చెరువులో సరుకు పట్టి అమ్మాక, తీరుస్తాడు. కౌలు రైతు ప్రామిసరీ నోటు రాసిచ్చి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు. లాక్‌డౌన్ మొదట్లో ప్రాసెసింగ్ ప్లాంట్లు సరుకు తీసుకోలేక రొయ్య ధర పడిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం కౌంటుల (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వారీగా ధరలు ప్రకటించాల్సి వచ్చింది. చెరువులో సరుకు పెట్టుకుని టెన్షన్ పడుతున్న ఆ రైతు మేత బాకీకి గానీ, నోటుకు గానీ ఒక్కరోజు మారటోరియం లేదు.

నోటు దాకా వచ్చిన ఉత్తర్వు ఒకటుంది, అది అప్పిచ్చినవారికి పనికొచ్చింది. మామూలుగా నోటు మీద మూడేళ్లలోపు దావా వేయాలి, లేకపోతే కాలదోషం పడుతుంది, కోర్టు ద్వారా వసూలు చేసుకునే వీలుండదు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకూ ఉన్న కాలాన్ని ఆ గడువు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కోర్టులు సరిగా నడవని రోజుల్లో అది న్యాయమే, నేను తప్పుపట్టను. కానీ అప్పిచ్చినవాడి గడువు ఆగినప్పుడు, అప్పు తీసుకున్నవాడి వడ్డీ ఎందుకు నడవాలి?

ప్రైవేటు అప్పు జోలికి చట్టం వెళ్లలేదనుకుంటే పొరపాటు. గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1930ల ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు కుప్పకూలాక, 1938లో రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టేసిన రైతుకు మొత్తం అప్పే తీరిపోయినట్టు లెక్క. 2020లో ఆ మాత్రం తెగువ ఎవరూ చూపలేదు.

కంపెనీలకు మాత్రం గట్టి రక్షణే దొరికింది. దివాలా చట్టం కింద కేసు వేయడానికి ఉండాల్సిన కనీస బకాయిని లక్ష నుంచి కోటికి పెంచారు. 2020 మార్చి 25 నుంచి ఏడాదిపాటు జరిగిన ఎగవేతలపై ఆ చట్టం కింద ఎప్పటికీ కేసు వేయకుండా నిషేధించారు. ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ నుంచి, తాను సరఫరా చేసిన ఐసు, పెట్టెల తాలూకు 20 లక్షలు రావలసిన చిన్న వ్యాపారి చేతిలోంచి ఒక ఆయుధం పోయింది. కోటి పరిమితి కోవిడ్ తర్వాత కూడా కొనసాగింది.

మేత డీలర్‌ను దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అతనూ మేత కంపెనీకి డబ్బు కట్టాలి, అతనికీ బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) ఉంటుంది. అందుకే బ్యాంకు అతనికి ఎంత గడువిస్తే, తన దగ్గర అరువు తీసుకున్న రైతులకు అతనూ అంత గడువు ఇవ్వాలని షరతు పెట్టాలి. విపత్తు ప్రకటించిన కాలానికి నోట్ల మీద వడ్డీని ఆపే చట్టం ముందే రాసి ఉంచుకోవాలి. వడ్డీ వ్యాపారం, వ్యవసాయ రుణ ఉపశమనం రెండూ రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 30వ అంశంగా ఉన్నాయి. ఢిల్లీ వైపు చూడకుండా అమరావతిలోనే మొదలుపెట్టవచ్చు.