సీఈఓ స్థానంలోని బూడిదరంగు బొమ్మగారికి

గౌరవనీయులైన బొమ్మగారికి,

నమస్కారాలు. మా ల్యాబులోంచి పుట్టిన కంపెనీ టీమ్ స్లైడులో కుడి చివర, కన్నూ ముక్కూ లేకుండా, 'త్వరలో నియామకం' అనే బిరుదుతో వెలుగుతున్న తమరికే ఈ లేఖ. ఈ మధ్యాహ్నం ఓ ఇన్వెస్టరు మా పేటెంటును వదిలేసి తమరి మీదే వేలు పెట్టాడు. "ఈయన ఎప్పుడొస్తారు?" అన్నాడు. "మాటలు నడుస్తున్నాయి" అన్నారు మా సారు. ఎవరితోనో నాకైతే తెలీదు. మిగిలిన స్లైడులన్నీ ఆ ఇన్వెస్టరు ఫోన్ చూసుకుంటూనే విన్నాడు.

తమరి పక్కనున్న మేం నలుగురం ఎవరమో తెలిసిందేగా. సారూ, సారు దగ్గరే పీహెచ్‌డీ చేసిన ముగ్గురం. సెన్సర్ రీడింగ్ ఎందుకు జారుతోందో తెల్లారేదాకా వాదించుకోగలం. కస్టమరుకి ఫోన్ చెయ్యమంటే నేలచూపులు చూస్తాం. పేటెంటు వాడుకోడానికి కావాల్సిన లైసెన్సు కాగితాలు యూనివర్సిటీ వారి టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసులో ఇంకా 'పరిశీలనలో' ఉన్నాయి, వాటి ఊసు ఎత్తను.

నా ఏడుపల్లా తమరి వాటా గురించే. సారుకి 40 శాతం. ఆయన శుక్రవారం సాయంత్రం వస్తారు, వైవాలు లేకపోతే. మా ముగ్గురికి తలా 15, యూనివర్సిటీకి 10, అందరూ వడ్డించుకున్నాక మిగిలిన 5 తమరికి. అదీ నాలుగేళ్లకి కొంచెం కొంచెంగా. ఏడాది నిండకుండా వెళ్లిపోతే సున్నా. మాకు మాత్రం ఏ షరతూ లేదు. అందుకేగా మాలో ఒకడు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) దొరగ్గానే 15 శాతంతో సహా వెళ్లిపోయాడు! వాడి ఫోటో ఇంకా స్లైడులో నవ్వుతూనే ఉంది.

బయటి మనిషి ఒకరు కావాలి కదా అంటే సారు గూగుల్ పేరు చెబుతారు. "దాన్ని పెట్టినవాళ్లిద్దరూ ఒకే డిపార్ట్‌మెంటు కాదా?" అవును సార్. 1998లో కంపెనీ పెట్టి, 2001లో ఎరిక్ ష్మిట్‌ని సీఈఓగా బయటినుంచి తెచ్చుకున్నారు. జెనెన్‌టెక్ అనే బయోటెక్ కంపెనీ అయితే అంతకాలం కూడా ఆగలేదు. 1976లో హెర్బర్ట్ బోయర్ అనే ప్రొఫెసరూ, ముప్పై కూడా నిండని రాబర్ట్ స్వాన్సన్ అనే పెట్టుబడుల మనిషీ చెరో 500 డాలర్లు వేసుకుని మొదలెట్టారు. బోయర్ ప్రొఫెసరుగానే ఉండిపోయాడు, కంపెనీని స్వాన్సన్ నడిపాడు.

మాకూ ఒకావిడ దొరికింది. ఫ్యాక్టరీలకి పరికరాలు అమ్మి తల పండిన మనిషి. సారు మొదటి ప్రశ్న: "మీ థీసిస్ దేని మీదండీ?" ఆవిడ ఒక్కటే అడిగింది, "దీన్ని డబ్బిచ్చి కొనేదెవరు?" "అప్లికేషన్లు బోలెడున్నాయి" అన్నారు సారు. ఆవిడ పేరు చెప్పమంది. ఒక్క పేరైనా! ఆ రాత్రే 'మా కల్చర్‌కి సరిపడరు' అని మెయిలు కొట్టాం.

అసలు ఇదంతా నీవల్లే. అవును, నిన్నే. ఆ చోటు ఖాళీగా కనిపిస్తే మాకు సిగ్గేసేది, వెతుక్కునేవాళ్లం. నువ్వు తయారుగా కూర్చుని లోటు లేదన్న భ్రమ కల్పించావు. జీతం అడగవు, ఎదురు ప్రశ్న వెయ్యవు, సారు మాట కాదనవు. మాకు సరిగ్గా ఇలాంటి సీఈఓనే కావాలి మరి!

వచ్చే మీటింగుకి నీకు టై తగిలించమని సారు ఆర్డరు. తగిలించను. నిన్ను తీసేస్తున్నా, పక్కనే నవ్వుతున్న వాడినీ తీసేస్తున్నా. వాడి 15 శాతం వెనక్కి అడిగి, ఆ తర్వాతే ఆవిడకి మళ్లీ ఫోన్ చేస్తా. సారుకి శుక్రవారం చెబుతా, వస్తే.

ఇట్లు,
నీ ఎడమపక్క రెండో ఫోటో